ఆరు పలకలు, ఒక జోజప్ప బొమ్మ

జనవరి 12, ఆదివారం

పని మొదలైంది. అంటే ప్లైవుడ్ ఇంటికొచ్చింది, అంతే.

ఎందుకు చేస్తున్నానో ఒకసారి రాసిపెట్టుకుంటే మంచిది. మిల్‌హిల్ ఫాదర్లు అనే కతోలిక మిషనరీలు తెలుగు నేలకు వచ్చింది 1875లో. 2025కి 150 ఏళ్లు. మార్చి 19, పునీత జోజప్ప (ఏసును పెంచిన సెయింట్ జోసెఫ్) పండగ నాటికి మా గుడి, అంటే చర్చి, హాల్లో ఏదైనా ప్రదర్శన పెట్టాలని పోయిన నెల మీటింగులో అనుకున్నారు. ఒక పెద్ద ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. తిరుపతిలో ఫ్లెక్సీలకు కొదవేముంది, నాయకుల పుట్టినరోజులవే చాలవా అని నోరు జారాను. చెక్కతో చేస్తే పదేళ్లుంటుందని కూడా అన్నాను. "అయితే నువ్వే చెయ్యి నాయనా" అన్నారు ఫాదర్ గారు. అయిపోయింది.

నేను వడ్రంగిని కాను. మా నాయన వడ్రంగి. నాది లెక్కలు రాసే ఉద్యోగం. పనిముట్లు ఉన్నాయి, మంచం మీద కూర్చుని తప్పులు పట్టడానికి నాయన ఉన్నాడు.

అనుకున్నది ఇది: మడిచిపెట్టుకునే ఆరు పలకలు, మధ్యలో చిన్న గూడు, గూట్లో జోజప్ప బొమ్మ. విషయం మాత్రం ఫాదర్ల ఫొటోలూ దండలూ కాదు. ఆ ఫాదర్లు తయారైన చోటు: లండన్ వాయవ్య శివార్లలో మిల్‌హిల్ కొండ మీది సెయింట్ జోసెఫ్స్ కాలేజీ. ఓడ దిగినప్పటి నుంచి కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓడ ఎక్కకముందు వాళ్లను ఎవరు, ఎక్కడ, ఎట్లా తయారు చేశారన్నది ఎవరూ చెప్పరు.

పలక ఐదున్నర అడుగులు, రెండున్నర అడుగులు అని గీసుకున్నాను. నాయన కాగితం చూసి, "ఎనిమిది నాలుగు షీటులో ఇది కోస్తే సగం పొయ్యిలోకే" అన్నాడు. నాలుగడుగులు, రెండడుగులు పెట్టుకుంటే షీటుకు నాలుగు పలకలు, వృథా లేదు. రెండు షీట్లు, పన్నెండు ఎం.ఎం. ఆరు పలకలు పోను రెండు మిగిలాయి. ఆ రెండూ ఎంత అక్కరకొస్తాయో ఈరోజు తెలియదు.

జనవరి 19, ఆదివారం

సంక్రాంతికి కొట్లన్నీ మూసి ఉండటంతో బీడింగు ఆలస్యమైంది. ఆ నాలుగు రోజులూ మొదటి పలకకు రాత పని చేశాను.

సెమినరీ అంటే గురువుల్ని, అంటే ఫాదర్లను, తయారు చేసే బడి. ఆ మాట లాటిన్‌లో సెమినారియుం నుంచి వచ్చింది. అర్థం నారుమడి. దీన్ని ఇంగ్లిష్‌లో చదివితే ఏదో అలంకారంలా ఉంటుంది. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి అలంకారం కాదు. నారు పోసే మడి వేరు, నాటే మడి వేరు. నారుమడికి నీళ్లు దగ్గరుండాలి, కాపలా ఉండాలి, నేల చిన్నదైనా బలంగా ఉండాలి. నారు అక్కడే ఉండిపోతే పంట రాదు, పీకి వేరే చోట నాటాల్సిందే.

ఈ మాటను చట్టంలోకి తెచ్చింది కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ, 1563 జూలైలో, 23వ సమావేశంలో. అంతకుముందు గురువు కావాలనుకున్న పిల్లవాడు ఏ ఊరి ఫాదర్ దగ్గరో ఉండి పూజ నేర్చుకునేవాడు. విశ్వవిద్యాలయానికి పోయేవాళ్లు కొందరే. ఇకమీదట ప్రతి మేత్రాసనమూ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) పిల్లల్ని ఒకచోట ఉంచి, తిండి పెట్టి, చదువు చెప్పాలన్నారు. కనీసం పన్నెండేళ్లుండాలి, చదవను రాయను రావాలి. పేదల పిల్లలకు ముందు చోటు. ఉన్నవాళ్ల పిల్లలూ రావచ్చు గానీ ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. డబ్బెక్కడిది అన్న ప్రశ్నకూ అందులోనే జవాబుంది: చర్చి ఆస్తుల ఆదాయంలో కొంత భాగం తీసి సెమినరీకి ఇవ్వాలి.

నాయనకు చదివి వినిపించాను. "కొండమీద ధర్మగిరి వేదపాఠశాలలో పిల్లలున్నట్టే కదా" అన్నాడు. అవును, అట్లాగే. చిన్నప్పుడే ఇల్లు వదలడం, గంట కొడితే లేవడం, పరాయి భాషలో వల్లె వేయడం. తిరుపతివాళ్లకు సెమినరీ అంటే ఏమిటో వివరించడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

జనవరి 26

రెండో పలక. దీన్ని కుదించమని ఇద్దరు చెప్పారు. కుదించను. లండన్ దాకా పోయేముందు మన పక్కనే ఒక సెమినరీ బతికి చచ్చిన సంగతి చెప్పాలి.

పుదుచ్చేరి దగ్గర అరికమేడు అంటే రోమన్లతో వర్తకం జరిగిన చోటని బడిలో చదివాం. రెండేళ్ల కిందట పెళ్లికి పోయినప్పుడు చూశాను. రోమన్లదేమీ పైకి కనపడదు. చెట్ల మధ్య నిలబడి ఉన్నది 18వ శతాబ్దపు ఇటుక గోడలు, కమానులు. వేర్లు ఇటుకల సందుల్లోకి దూరి ఉన్నాయి, ఇటుక తీస్తే గోడ పడుతుందా వేరు తీస్తే పడుతుందా అన్నట్టు. ఫ్రెంచి మిషనరీ బిషప్ పిన్యో ద బెహేన్ కాలం నాటి మిషన్ ఇల్లు ఇదేనని చెబుతారు. ఫ్రెంచి మిషనరీలు 1665లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజధాని అయుత్తయలో ఒక సెమినరీ పెట్టారు, ఆసియా దేశాల పిల్లల కోసం. 1767లో బర్మా సైన్యం అయుత్తయను నాశనం చేసింది. గురువులూ పిల్లలూ పారిపోయి మరో రెండు చోట్ల తలదాచుకున్నారు. అక్కడా నిలవనీయలేదు. 1770లో ఈ అరికమేడు పక్కనున్న విరాంపట్నం చేరారు. పదేళ్లు దాటాక ఇదీ మూతపడింది. 1808లో ఇప్పటి మలేసియాలోని పెనాంగ్‌లో మళ్లీ తెరిచారు. ఒక బడి ఇన్ని సముద్రాలు దాటి బతకడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

ఇదే పలకలో కింద పుంగనూరు. 1700ల మొదటి ఏళ్లలోనే ఫ్రెంచి జెసూట్లు (ఏసు సభ గురువులు) పుంగనూరుకు వచ్చారు. వాళ్లలో తర్వాతి తరం గాస్తన్ కెర్దూ తెలుగు ఎంత బాగా నేర్చుకున్నాడంటే నిఘంటువే రాశాడు. 1773లో పోప్ జెసూట్ సంఘాన్నే రద్దు చేశాడు. మనవైపు సంఘాలు గురువులు లేకుండా మిగిలాయి. నారుమడి లేని ఊళ్లో నాట్లెట్లా పడతాయి? ఈ రెండు కథలూ ఒక పలక మీద పక్కపక్కనే ఉండాల్సింది అందుకే.

ఫిబ్రవరి 2, ఆదివారం

బీడింగు వచ్చింది. టేకు అన్నాడు, నాయన వాసన చూసి నవ్వాడు. సరే, పాలిష్ కొడితే ఎవరికి తెలుస్తుంది అని పని కానిచ్చాను. మూలలు నలభై ఐదు డిగ్రీలకు కోయడంలో రెండు ముక్కలు పాడయ్యాయి.

మూడో పలక మిల్‌హిల్ కాలేజీ పెట్టిన హెర్బర్ట్ వాన్‌ది. ఈ మనిషి నాకు నచ్చాడు, అందుకే కొంచెం ఎక్కువ రాసుకున్నాను. 1832లో పుట్టాడు, 1854లో గురువయ్యాడు. ఇంగ్లండుకు ప్రపంచమంతా రాజ్యముంది, విదేశాలకు గురువుల్ని తయారు చేసి పంపే కాలేజీ మాత్రం ఒక్కటీ లేదని మథనపడ్డాడు. డబ్బు లేదు. 1863 చివర్లో ఓడెక్కి అడుక్కోవడానికి అమెరికా ఖండాలకు పోయాడు. మర్యాదకు విరాళాల సేకరణ అని రాయవచ్చు, నేను మాత్రం పలక మీద "భిక్ష" అనే పెట్టాను. పనామాలో మశూచి. గురువులు అక్కడ పూజలు, కార్యాలు చేయకూడదని సర్కారు ఆంక్ష. ఆయన రోగుల దగ్గరికి పోయాడు, పట్టుకుని అధికారుల ముందు నిలబెట్టారు. అక్కడి నుంచి కాలిఫోర్నియా, పెరూ, చిలీ. 1865లో ఇంటికి చేరేసరికి చేతిలో 11,000 పౌండ్లు.

తర్వాత ఇల్లు వెతకడం. మిల్‌హిల్‌లో హోల్‌కోంబ్ హౌస్ అని ఒక ఇల్లు బాగా నచ్చింది. యజమాని ఇవ్వనన్నాడు. మిల్‌హిల్ ఫాదర్లు ఇప్పటికీ చెప్పుకునే కథ ప్రకారం, వాన్ మళ్లీ పోయి, ఇల్లు ఇవ్వకపోతే మానె, ఈ పొట్లం మాత్రం మీ ఇంట్లో కొన్నాళ్లు ఉంచుకోండి అని అడిగాడట. ఖాకీ కాగితంలో చుట్టిన పొట్లం. యజమాని దాన్ని అలమారాలో పడేశాడు. కొన్నాళ్లకు మనసు మారి ఇల్లు ఇచ్చాడు. పొట్లం విప్పితే జోజప్ప బొమ్మ.

ఈ కథ నిజమా అని మా అమ్మాయి అడిగింది. 1866లో ఆ ఇంట్లో కాలేజీ మొదలైన మాట నిజం. మొదట్లో ఒకే ఒక్క విద్యార్థి ఉన్న మాట నిజం. 1871కి పక్కనే కొత్త భవనం లేచింది, గోపురం మీద బంగారు పూత జోజప్ప నిలబడ్డాడు. పొట్లం సంగతి జోజప్పకు తెలుసు.

ఫిబ్రవరి 9, ఆదివారం

టెన్షన్. టైపింగ్ అంతా చిత్తూరులో డీటీపీ సెంటర్ నడిపే మా అన్న చేసి పంపాడు. అన్న అంటే పెదనాయన కొడుకు. అను ఫాంట్‌లో చేసిన ఫైలు అది. ఇక్కడ ప్రింటు వేసే కొట్లో ఆ ఫాంట్ లేదు. తెరిస్తే వత్తులన్నీ గాల్లో. కుర్రవాడు "నేను సరి చేస్తాలే అన్నా" అన్నాడు. సరి చేశాడు. ఎట్లా చేశాడో చూడండి: "సెమినరీ" ఉన్న చోటల్లా "సెమినార్" అని మార్చాడు. పలకల నిండా గురువుల సెమినార్ చరిత్ర! రెండు వినైల్ షీట్లు ప్రింటై బయటికొచ్చేదాకా ఎవరం చూడలేదు. డబ్బులు సగం సగం పడ్డాం.

అన్నకు ఫోన్ చేస్తే పది నిమిషాలు నవ్వాడు. తర్వాత ఫాంటుతో పని లేకుండా అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ పంపాడు. ఈ పని మొదటే చేసి ఉండాల్సింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

చిత్తూరు పోయి వచ్చాను. నాలుగో పలక కోసం.

ఇప్పటిదాకా నాలుగో పలకకు భవనం ఫొటో ఒకటి, కింద పెద్దమనుషుల పేర్లు అనుకున్నాను. కాలేజీని తల్లిలా ఆదుకున్న లేడీ హెర్బర్ట్ ఆఫ్ లీ లాంటివాళ్లు. ఆమెను "మిల్లు తల్లి" అని పిలిచేవాళ్లట. ఆమె ఉంటుంది. మిగతా పేర్లు తీసేశాను. కారణం అన్న.

మా అన్నను చిత్తూరులో ఇప్పటికీ అందరూ "బ్రదర్" అంటారు. సెమినరీలో చదివేవాళ్లను పిలిచే పిలుపు అది. ఆయన బయటికొచ్చి ఇరవై ఐదేళ్లు దాటింది, పిల్లలు కాలేజీకి వచ్చారు, పిలుపు మాత్రం పోలేదు. చర్చి చట్టం ప్రకారం గురువు కావాలంటే కనీసం ఆరేళ్ల చదువు: రెండేళ్లు ఫిలాసఫీ, నాలుగేళ్లు థియాలజీ. ముందు చిన్న సెమినరీ, మధ్యలో రీజెన్సీ అని ఒక ఏడాది బయట పని కలిపితే పదేళ్లు దాటుతుంది. అన్న ఫిలాసఫీ అయ్యి, రీజెన్సీకి పోయి, తిరిగి సెమినరీకి పోలేదు.

ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రోజు ఎట్లా గడిచేదని మాత్రం అడిగాను. కొట్లో జెరాక్స్ మిషన్ తిరుగుతూనే ఉంది, ఆయన చెబుతూ పోయాడు.

"ఐదింటికి గంట. గంట కొట్టడం కూడా వంతు ప్రకారమే, నా వంతు వస్తే రాత్రంతా నిద్ర పట్టేది కాదు, లేవనేమోనని. అరగంట ధ్యానం. ధ్యానమంటే నిద్రే, మోకాళ్ల మీద. తర్వాత పూజ. టిఫిన్ దగ్గర మాట్లాడకూడదు, ఒకడు నిలబడి పునీతుల చరిత్ర చదవాల. వాడి ఇడ్లీ చల్లారిపోయేది. సాయంత్రం ఫుట్‌బాల్, తర్వాత తోట పని. రాత్రి ప్రార్థన అయినాక పెద్ద నిశ్శబ్దం, మళ్లా పొద్దున పూజ దాకా ఎవడూ నోరు విప్పకూడదు. ఒకరోజు డార్మిటరీలోకి పాము వచ్చింది. అందరం చూసినాం. ఎవడూ అరవలేదు. చేతులతో సైగలు చేసుకున్నాం."

"మీ బ్యాచ్‌లో ఎంతమంది ఫాదర్లయినారు?"

"ఒక షేర్ ఆటోలో పడతారు."

అప్పుడు లేచి, పీడీఎఫ్‌లో మొదటి పలక తెరిచి, నారుమడి అన్న చోట వేలు పెట్టి చూపించాడు. "ఇది బాగుంది. కానీ నారంతా ఒకే చేనుకు పోతుందా? మిగిలింది పక్క చేను వాడు అడిగి తీసుకుపోడూ?" అన్నాడు. ఎవరో ఆధార్ జెరాక్స్ కోసం వచ్చారు, మాట అక్కడ ఆగింది.

బస్సులో కూర్చుని నాలుగో పలక మళ్లీ రాశాను. భవనం ఫొటో చిన్నది. మిగతా అంతా ఒక రోజు: గంట నుంచి పెద్ద నిశ్శబ్దం దాకా. పాము లేదు, ఫాదర్ గారు ఒప్పుకోరు.

ఫిబ్రవరి 23, ఆదివారం

జోజప్ప బొమ్మ కోసం మాధవమాల పోయాను. ఏర్పేడు దగ్గర ఊరు, ఇంటింటా చెక్క మీద దేవుళ్లను చెక్కుతారు. శివరాత్రి ముందు శ్రీకాళహస్తి రద్దీ మామూలుగా ఉండదు, రేణిగుంట దాటడానికే గంట పట్టింది.

శిల్పి నాకన్నా చిన్నవాడు. వరండాలో సగం చెక్కిన వెంకటేశ్వరస్వాములు వరుసగా ఉన్నారు, ఇంకా కళ్లు లేవు. తొమ్మిది అంగుళాల బొమ్మ కావాలన్నాను. "చేతుల్లో ఏముండాలన్నా?" అన్నాడు. ఎడమ చేతిలో బిడ్డ, కుడి చేతిలో లిల్లీ పువ్వు. ఫోన్‌లో ఫొటో చూపించాను. చాలాసేపు చూసి, "ఈయన ఏం పని చేసేవాడు?" అని అడిగాడు. వడ్రంగి అన్నాను. ముఖం మారిపోయింది. "మా వాడా!" అని లోపలికి పోయి మంచి ముక్క తెచ్చాడు, అంతకుముందు చూపించింది పక్కన పడేసి. ఎర్రచందనం కాదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగాను. జోజప్ప కోసం అటవీశాఖ కేసు పెట్టించుకోలేను.

అడ్వాన్స్ ఇచ్చాను. రెండు వారాలన్నాడు.

మార్చి 2, ఆదివారం

బందులు బిగించాను. పలకకు మూడు చొప్పున, ఇత్తడివి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి మడవాలి, జడలాగా. మూడో జత తిరగేసి బిగించాను, మొత్తం విప్పాల్సి వచ్చింది. ప్లైవుడ్‌లో ఒకసారి పడ్డ స్క్రూ రంధ్రంలో రెండోసారి స్క్రూ పట్టదు. అగ్గిపుల్ల ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దించి, ఆరాక మళ్లీ బిగించమన్నాడు నాయన. పట్టింది. మొదటి పలక మాత్రం అంచు చీలింది, మిగిలిన రెంటిలో ఒకటి ఇట్లా పనికొచ్చింది.

ఐదో పలక తొందరగా తేలింది. 1871లో మిల్‌హిల్ నుంచి మొదటి నలుగురు గురువులు అమెరికాకు పోయారు, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారి మధ్య పనికి. వాన్ స్వయంగా వెంట పోయాడు. 1875లో మద్రాసు వైపు, మన తెలుగు మిషన్‌కు. 1881లో బోర్నియో. 1928లో నెల్లూరు మేత్రాసనమైంది. 1976 అక్టోబర్ 19న దాన్నుంచి కడప మేత్రాసనం విడిపోయింది, చిత్తూరు జిల్లా అందులోకి వచ్చింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినా మేత్రాసనం కడపే.

ఒక మాట చేర్చాను. లండన్ కాలేజీ అంటాం గానీ మా అవ్వ చెప్పే ఫాదర్లు చాలామంది డచ్చివాళ్లు. 1890లో హాలండ్‌లోని రోసెండాల్‌లో, 1891లో టిరోల్‌లోని బ్రిక్సెన్‌లో మిల్‌హిల్ వాళ్లు అనుబంధ కాలేజీలు తెరిచారు. అక్కడి కుర్రవాళ్లకు ఇంట్లో ఒక భాష, మిల్‌హిల్‌లో ఇంగ్లిష్, పాఠాలకు లాటిన్, నెల్లూరు దిగాక తెలుగు. పీటర్‌ను రాయప్ప అనీ, పాల్‌ను చిన్నప్ప అనీ, జేవియర్‌ను శౌరి అనీ పిలిచే జనం మధ్యకు వచ్చి పడ్డారు పాపం.

మార్చి 9, ఆదివారం

బొమ్మ వచ్చింది. జోజప్ప బాగున్నాడు, కానీ బిడ్డ అచ్చం వెన్న దొంగ. బుగ్గలు, నవ్వు, ఆ కాలు మడిచిన తీరు. జోజప్ప చేతులు మాత్రం నిజంగా పనివాడి చేతులు, వేళ్ల కణుపులు లావుగా, గోళ్లు పొట్టిగా. శిల్పి తన చేతులే చూసి చెక్కుకున్నట్టున్నాడు. మార్చమని చెప్పబుద్ధి కాలేదు.

బంగారు రంగు వేశాను. మొదటి పూతకు ముందు ప్రైమర్ వేయలేదు. ఆరేసరికి మచ్చలు మచ్చలుగా పసుపు రాసినట్టయింది. ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ మొదటి నుంచి. గోపురం మీద ఉన్నదానికి ఎవరు రుద్దారో అనుకున్నాను.

ఆరో పలక కొంచెం చేదు, అట్లాగే ఉంచాను. 1893లో పోప్ పదమూడవ లియో భారతీయ గురువుల కోసం శ్రీలంకలోని క్యాండీలో సెమినరీ పెట్టించాడు, 1955లో అది పుణెకు మారింది. 1919లో పదిహేనవ బెనెడిక్ట్ పోప్ లేఖ రాశాడు: ఏ దేశానికి ఆ దేశపు గురువులే ఉండాలని. 1965లో రెండవ వాటికన్ మహాసభ సెమినరీ చదువు తీరునే మార్చింది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు తగ్గారు, ఇక్కడివాళ్లు పెరిగారు. కడప మేత్రాసనం కోసం 1992లో గురుపట్టం అందుకున్న పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. అక్కడ మిల్‌హిల్‌లో గదులు ఖాళీ అవుతూ వచ్చాయి. 2005లో వాన్ అవశేషాలను కాలేజీ నుంచి తీసి, ఆయన కట్టించిన వెస్ట్‌మినిస్టర్ కెథీడ్రల్‌కు తరలించారు. మరుసటేడు కాలేజీ మూతపడింది. ఇప్పుడా భవనంలో ఫ్లాట్లు.

చివరి వాక్యం తీసేయమని కమిటీలో ఒకరన్నారు, పండగ పూట ఎందుకని. ఫాదర్ గారు చదివి, ఉండనీ అన్నారు.

మార్చి 16, ఆదివారం

వినైల్ అంటించాం. అన్న చిత్తూరు నుంచి వచ్చాడు. సబ్బునీళ్లు చల్లి, పైనుంచి కిందికి ప్లాస్టిక్ పట్టీతో లాగుతూ పోవాలి. రెండో పలకలో ఒక బుడగ మిగిలింది, సరిగ్గా పెనాంగ్ మీద. సూదితో గుచ్చితే పోయింది.

అన్న నాలుగో పలక దగ్గర నిలబడి చదివాడు. "గంట ఐదుకు కాదు, నాలుగూ యాభైకి. పది నిమిషాలు ముందు కొట్టేవాళ్లు" అన్నాడు. ఇప్పుడా చెప్పేది! మార్కర్‌తో దిద్దబోతే చెయ్యి పట్టుకున్నాడు. వదిలేయమన్నాడు.

మార్చి 18, మంగళవారం, రాత్రి

ఆటో ట్రాలీలో హాలుకు చేర్చాం. నిలబడింది. ఐదో బందు కిర్రుమంటోంది, పొద్దున కొబ్బరినూనె వేయాలి. గూడు కోసం మిగిలిన ఆఖరి పలక ముక్కతో చిన్న పీట చేశాను. కింద అంచు సమంగా లేదు, అగ్గిపెట్టె మడిచి పెట్టాను, గుడ్డ కప్పితే కనపడదు.

బొమ్మను మాత్రం ఈ రాత్రి గూట్లో పెట్టలేదు. హాల్లో పిల్లలు రిహార్సల్ చేస్తున్నారు, బంతి కూడా ఉంది వాళ్ల దగ్గర. అన్న కొట్టు నుంచి తెచ్చిన ఖాకీ కాగితంలో చుట్టి, దారం కట్టి, హాలు బీరువాలో హాజరు పుస్తకాల వెనక పెట్టాను. తాళం వేస్తుంటే గుడి ఊడ్చే అవ్వ అడిగింది, అందులో ఏముంది నాయనా అని.

"పొట్లం అవ్వా. రేపటిదాకా ఉండనీ."